ఇచ్చేశాం, తీసుకో

చచ్చిపోయినవాడి బూట్లు తొడుక్కుని గోల్ఫు మొదలుపెట్టినవాళ్లు లోకంలో ఎందరున్నారో గాని, నాలుగోవాడు మాత్రం అలాగే మొదలుపెట్టాడు. అతనికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండేది. ఇంట్లో పెళ్లాం దాన్ని పలకదు, పనిలో డాక్టరుకు దానితో పనిలేదు, మైదానంలో అసలెవరికీ అది గుర్తే లేదు. నాలుగోవాడు అంటే మాత్రం అందరికీ తెలుసు.

అతను పళ్ల సెట్లు చేసేవాడు. పళ్ల డాక్టరు ఆస్పత్రి వెనకాల, మెట్ల కింద, కిటికీ లేని గది అతనిది. ముందు గదిలో డాక్టరు ఎవరి నోటికో అచ్చు తీసి పంపితే, ఇతను ఈ గదిలో దానిలో ప్లాస్టరు పోసి, దవడ తయారుచేసి, దానికి పళ్లు ఒక్కొక్కటే పొదిగి, అరగదీసి, నునుపు పెట్టి తిరిగి పంపేవాడు. ఊళ్లో పెద్దమనుషుల్లో చాలామంది అతను చేసిన పళ్లతోనే నమిలేవారు. అవసరమొస్తే ఆ పళ్లతోనే అతన్ని కసిరేవారు కూడా.

డాక్టరు, ప్లీడరు, కాంట్రాక్టరు, ఒక బ్యాంకు మేనేజరు. ఈ నలుగురూ మొదట్లో ఒక జట్టు. ఒక ఆదివారం పొద్దున బ్యాంకు మేనేజరు బంతి కొడదామని కర్ర ఎత్తి, ఎత్తినవాడు ఎత్తినట్టే ముందుకు పడి ప్రాణం వదిలాడు. మిగతా ముగ్గురూ చాలా బాధపడ్డారు. ఎందుకంటే ఆదివారాలు నలుగురూ ఉన్న జట్లకే ముందు వంతు ఇస్తారు. ముగ్గురే వెళితే ఎండెక్కేదాకా వరండాలో కాళ్లు చాపుకుని కూర్చోవాలి. ఆ బాధ తట్టుకోలేక వాళ్లు ఓ రెండు వారాలు సరిగ్గా నిద్రపోలేదు. అప్పుడు ప్లీడరుకు ఒక ఆలోచన తట్టింది.

"మా చెల్లెలి మొగుడున్నాడుగా. నోట్లో నాలుక లేనివాడు. ఆట రాకపోయినా అడ్డం రాడు."

"ఎవరు, మా మెట్ల కింద ఉండేవాడా?" అన్నాడు డాక్టరు. అన్నాక ఒక క్షణం ఆలోచించి, వాడైతే సెలవు కూడా అడగడు అనుకున్నాడు.

మేనేజరు భార్య ఆయన సామాన్లన్నీ క్లబ్బుకు పంపించేసింది. అందులోంచి బూట్లు తీసి డాక్టరే నాలుగోవాడి ముందు పెట్టాడు. "మంచి బూట్లు. పాపం, పట్టుమని పది ఆటలు కూడా ఆడలేదు," అన్నాడు. ఆ బూట్లు నాలుగోవాడికి బాగా పెద్దవి. ఆస్పత్రిలో పన్ను పీకాక నోట్లో పెట్టే దూదిచుట్టలు ఉంటాయి గదా, అవి ముందువైపు కుక్కుకుని నడిచాడు. అలా ఎన్నో ఏళ్లు నడిచాడు. కొత్తవి కొనుక్కోలేక కాదు. కొనుక్కుంటే తానేదో సొంతంగా వచ్చి కూర్చున్నట్టు కనిపిస్తుందేమోనని భయం. పిలిచినవాళ్లు ఇచ్చిన బూట్లలో ఉన్నంతకాలం తనని ఎవరూ పొమ్మనరని ఎందుకో అతనికి గట్టి నమ్మకం.

కాంట్రాక్టరు ఒక్కడే అతన్ని మనిషిలా చూశాడు. భారీ మనిషి, పెద్ద గొంతు, కుడి మోకాలు మాత్రం అప్పటికే అరిగిపోయింది. కర్ర ఎలా పట్టుకోవాలో, కాళ్లు ఎంత ఎడం పెట్టాలో అతనే నేర్పాడు. మొదటి రోజునుంచే "తమ్ముడూ" అన్నాడు. కాంట్రాక్టరుకు కుర్రతనంలో కట్టడం మీదనుంచి పడి పైపళ్లన్నీ పోయాయి. డాక్టరు పెట్టించిన సెట్టు మాట్లాడితే టకటకమనేది. నాలుగోవాడు పని అయిపోయాక కూర్చుని, ఎవరికీ చెప్పకుండా, దాన్ని మళ్లీ మళ్లీ చేశాడు. చివరికి అచ్చం పుట్టుకతో వచ్చినట్టు ఉండాలని ఎడమవైపు రెండో పన్నును కాస్త పక్కకు తిప్పి పెట్టాడు. ఆ రోజునుంచి కాంట్రాక్టరు నవ్వితే క్లబ్బంతా వినపడేది. "ఇది నా నవ్వు కాదండీ, మా తమ్ముడు పెట్టిన నవ్వు," అని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఆటలో ఒక మర్యాద ఉంది. బంతి గుంటకు జానెడు దూరంలో ఆగిందనుకోండి, దాన్ని ఎలాగూ వేసేస్తాడు కదా అని ఎదుటివాడు "ఇచ్చేశాం, తీసుకో" అంటాడు. అంతే, బంతి పడ్డట్టే లెక్క. వంగి చేత్తో తీసుకోవచ్చు. ఎదుటివాడు ఆ మాట అనకముందే ఎత్తితే మాత్రం ఎత్తినవాడు ఆ గుంట ఓడిపోయినట్టే. ఈ రెండో ముక్క పెట్టింది ప్లీడరు. ఎవరి మీదా ఎప్పుడూ ప్రయోగించలేదు గాని, నిబంధన లేని చోట ప్లీడరుకు ఊపిరాడదు.

నాలుగోవాడికి మాత్రం అన్నీ ఇచ్చేసేవారు. జానెడైనా ఇచ్చేవారు, బారెడైనా ఇచ్చేవారు. ఎక్కువగా ఆ మాట కాంట్రాక్టరే అనేవాడు. అనీ అనకముందే ఇతను వంగేవాడు. పోనుపోనూ కాంట్రాక్టరు నోరు తెరవడమూ ఇతను నడుం వంచడమూ ఒకటైపోయాయి. ఇన్నేళ్ల ఆటలో చివరి ఆ చిన్న దెబ్బ అతను తన చేత్తో కొట్టిన సందర్భాలు లేవనే చెప్పాలి. తనమీద వాళ్లకున్న ప్రేమ అది అనుకున్నాడు పిచ్చివాడు. ఇంటికి వెళ్లి పెళ్లానికి కూడా చెప్పాడు.

"నాకు అన్నీ ఇచ్చేస్తారు తెలుసా?"

"మా అన్నయ్య ఊరికే ఏదీ ఇవ్వడే," అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

ఆట అయ్యాక వరండాలో కాఫీ. కాఫీతో పాటు ఎప్పుడూ ఒకటే వాదన. మిగిలిన జీవితమంతా ఒక్క మైదానంలోనే ఆడమంటే ఏది ఎంచుకుంటారు? ఆ చుట్టుపక్కల మంచి మైదానాలు మూడు. కొండవాలు మీద ఒకటి, సముద్రం ఒడ్డున ఒకటి, చెరువు చుట్టూ ఒకటి. డాక్టరుది కొండ. అక్కడ బండ్లు తిరగనివ్వరు, మొత్తం నడవాల్సిందే. డాక్టరుకు తన పిక్కల మీద భలే గర్వం. ప్లీడరుది సముద్రం. అక్కడ ఎప్పుడూ గాలి ఉంటుంది, బంతి పక్కకు పోతే నేరం గాలిమీద వెయ్యొచ్చు. కాంట్రాక్టరుది చెరువు. నేల చాపలా పరుచుకుని ఉంటుంది, మోకాలికి సుఖం. ముగ్గురూ గంటలకొద్దీ కొట్టుకునేవారు. ఏ గుంట దగ్గర గడ్డి ఎలా ఉంటుందో, ఎవరి అదృష్టం ఎక్కడ తిరగబడిందో చెప్పుకుని, ఒకళ్ల మైదానాన్ని ఒకళ్లు గడ్డివామి అని, ఇసుకకుప్ప అని, దోమల కొలను అని తిట్టుకునేవారు. నాలుగోవాడు ఊ కొట్టేవాడు. అతన్ని ఎవరూ అడగలేదు.

అడిగితే అతనూ చెరువే అనేవాడు. చదును నేల మీద ఆ బూట్లు జారవు. పైగా ఒకసారి అక్కడ నీళ్లమీదుగా కొట్టిన బంతి నేరుగా వెళ్లి గుంట పక్కనే వాలింది. ఆ రోజు డాక్టరు కూడా "అరె" అన్నాడు. ఆ "అరె"ని నాలుగోవాడు చాలాకాలం దాచుకున్నాడు.

ఇంతలో ఆ మూడు మైదానాలూ ఒకే యాజమాన్యం చేతిలోకి వచ్చాయి. వాళ్లొక కొత్త పద్ధతి పెట్టారు. ఏ జట్టయినా నలుగురూ కలిసి ఒక మైదానం ఎంచుకుంటే, జీవితాంతం ఆదివారం మొదటి వంతు ఆ జట్టుదే. వాళ్ల నాలుగు పేర్లూ ఇత్తడి పలక మీద చెక్కి గోడకు కొడతారు. అయితే ఎంచుకునేది ఒక్కసారే, ఎంచుకోవాల్సింది ఒక్కటే. ఇక మార్చుకోవడాలు ఉండవు.

ముగ్గురూ ముగ్గురే, ఎవరి పట్టు వాళ్లది. చివరికి ప్లీడరు గొంతు సవరించుకుని, ఇక నాలుగో ఓటే తేల్చాలి అన్నాడు. ముగ్గురూ ఒక్కసారి తల తిప్పి చూశారు. వరండా చివర కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉన్నట్టు ఆ రోజే వాళ్లకు కనిపించింది.

నాలుగోవాడు గ్లాసు కింద పెట్టాడు. "ఆలోచించి చెబుతాను," అన్నాడు. ఆ ఒక్క మాటతో అతని జాతకం తిరిగింది.

ఆ వారమే డాక్టరు మెట్ల కిందకి వచ్చి, ముక్కు మూసుకుని, "ఇక్కడ కిటికీ లేకుండా ఎలా చేస్తున్నావయ్యా ఇన్నాళ్లు," అన్నాడు, ఆ గది తను కట్టించింది కానట్టు. కిటికీ పెట్టించే పని కాంట్రాక్టరు తన నెత్తిన వేసుకున్నాడు. మనుషుల్ని పంపి గోడమీద సుద్దముక్కతో పెద్ద చదరం గీయించాడు. ప్లీడరు చెల్లెలింటికి వచ్చాడు. పెళ్లయిన కొత్తలో వచ్చినవాడు మళ్లీ ఇప్పుడే రావడం. ఎప్పుడూ "ఏమోయ్" అనే మనిషి ఆ రోజు "బావగారూ, సముద్రపు గాలి మీ ఆరోగ్యానికి చాలా మంచిది," అన్నాడు. నాలుగోవాడి భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అన్న నోటి వంక అలాగే చూస్తుండిపోయింది.

నాలుగోవాడి కళ్లు నెత్తికెక్కాయి. ఎక్కవా మరి? పుట్టినప్పటినుంచి తలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి పట్టుకెళ్లి పెద్దకుర్చీలో కూర్చోబెడితే ఎవడు తొందరగా లేస్తాడు. నెలల తరబడి నానబెట్టాడు. ఒకరోజు సముద్రం బాగుందనేవాడు, ప్లీడరు పొంగిపోయేవాడు. మరుసటి వారం కొండగాలి పొగిడేవాడు. కాంట్రాక్టరుతో మాత్రం నిజమే చెప్పాడు.

"నా మనసు చెరువు మీదే ఉందన్నా."

"నాకు తెలుసు తమ్ముడూ," అన్నాడు కాంట్రాక్టరు. ఇంటికెళ్లి భార్యకు చెప్పేశాడు కూడా. ఇక ఈ మోకాలితోనే చచ్చేదాకా ఆడుకోవచ్చని ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాడట.

ఓటు చెప్పాల్సిన ఆదివారానికి ముందు ఆదివారం, బట్టలు మార్చుకునే గదిలో బీరువాల వెనక నాలుగోవాడు కూర్చుని బూట్లలో దూది సర్దుకుంటున్నాడు. అటువైపు మిగతా ముగ్గురూ ఉన్నారు. ఇతను ఉన్నాడని వాళ్లకు తెలియదు.

"వాడికి బారెడు దూరం కూడా ఇచ్చేస్తావేం? అది వాడు వేయలేడు," అంటున్నాడు ప్లీడరు.

కాంట్రాక్టరు నవ్వాడు. "వేయలేడనేగా ఇచ్చేది. వాణ్ణి వేయనిస్తే మధ్యాహ్నం దాకా మనం ఇక్కడే ఉంటాం. పోనిద్దురూ పాపం, మనవాడేగా."

ముగ్గురూ నవ్వారు. అందులో పెద్ద నవ్వు కాంట్రాక్టరుదే. ఆ నవ్వులో చెడు లేదు. నాలుగోవాడు చల్లగా ఆలోచించి ఉంటే ఆ సంగతి అతనికీ అర్థమయ్యేది. కాని డాక్టరు నవ్వితే రాని మంట, ప్లీడరు వెక్కిరిస్తే తగలని దెబ్బ, ఆ "పాపం" దగ్గర తగిలింది. తను చేసిపెట్టిన పళ్లతో తనని చూసి నవ్వాడు. ఇన్నేళ్లు ప్రేమ అనుకున్నది జాలి అని తెలిసింది, జాలి కూడా కాదు, వాళ్ల కాఫీకి ఆలస్యం కాకూడదన్న తొందర. దూది చేతిలోనే ఉండిపోయింది. అందరూ వెళ్లిపోయాకే లేచాడు.

ఆ వారమంతా మెట్ల కింద పళ్లు అరగదీస్తూ ఒక్క వాక్యం వల్లె వేసుకున్నాడు. ఆదివారం వరండాలో అందరూ కూర్చున్నాక, కాఫీ వచ్చాక, నెమ్మదిగా ఒక గుక్క తాగి చెప్పాడు.

"కొండ మైదానం."

డాక్టరు తొడ చరుచుకున్నాడు. ప్లీడరు ముఖం మాడ్చుకున్నాడు. కాంట్రాక్టరుకు సరిగ్గా వినపడలేదేమో అనిపించింది.

"కొండేంటి తమ్ముడూ. అక్కడ బండ్లు కూడా తిరగనివ్వరు. నా మోకాలి సంగతి నీకు తెలుసుగా."

"ఆట అన్నాక నడవాలి గదన్నా," అన్నాడు నాలుగోవాడు. వల్లె వేసిన వాక్యం అదే. ఎక్కడా తడబడకుండా వచ్చింది.

కాంట్రాక్టరు అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత గ్లాసు ఖాళీ చేసి, "సరే, నడుద్దాం," అన్నాడు. తనకు కూడా ఇష్టమైన మైదానాన్ని కాలదన్నుకుని నాలుగోవాడు ఆ రోజు ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాడు. తనకంటే కింద ఒకడు ఉంటాడన్న సుఖం ముందు చెరువు ఎంతని.

పలక చెక్కేముందు యాజమాన్యం ఏడాది పాటు గడువిచ్చింది, మనుషులు నిలుస్తారో లేదో చూద్దామని. కాంట్రాక్టరు నెల కూడా నిలవలేదు. మూడో ఆదివారమో నాలుగోదో, ఏటవాలులో ఉన్న ఒక గుంట దగ్గర అతని బంతి జానెడు దూరంలో ఆగింది. ఆ రోజు అతనికి ఎదురాడుతున్నది నాలుగోవాడే. కాంట్రాక్టరు కర్రకు ఆనుకుని, చెమటలు కక్కుతూ, నాలుగోవాడి వైపు చూశాడు. అనాల్సిన మాట చిన్నదే. ఇన్నేళ్లలో ఆ మాట కోసం ఇతని నోటివైపు ఒకళ్లు చూడటం అదే మొదలు.

"కొట్టన్నా, చూద్దాం," అన్నాడు నాలుగోవాడు.

కాంట్రాక్టరు వంగాడు. మోకాలు పక్కకు తిరిగింది. అంత మనిషీ గడ్డిమీద కూలబడి, కొంతదూరం జారి, అక్కడే కూర్చుండిపోయాడు. ఏడవకూడదని పెదవి బిగబట్టాడు గాని కళ్లు వినలేదు. నాలుగోవాడికి సంతోషం కలిగింది, అబద్ధం చెప్పడం ఎందుకు. జాలి కూడా కలిగింది గాని, అది కాస్త తర్వాత వచ్చింది, వచ్చి ఎంతోసేపు ఉండలేదు.

కాంట్రాక్టరు మంచాన పడ్డాడు. కిటికీ పనివాళ్లు మళ్లీ రాలేదు. నాలుగోవాడు ఒకసారి గుర్తుచేస్తే, "ఇన్నాళ్లు లేదుగా, ఇప్పుడేం కొంపలు మునిగాయి," అన్నాడు డాక్టరు. ప్లీడరు మళ్లీ "ఏమోయ్"లోకి దిగాడు. కాంట్రాక్టరు చోటులో డాక్టరుగారి అల్లుడు చేరాడు. బంతి ఎక్కడో ఆకాశంలోకి కొట్టే కుర్రాడు. మొదటిరోజే నాలుగోవాడి కాళ్లవంక చూసి, "బూట్లు మార్చండంకుల్, జోకర్‌లా ఉన్నాయి," అన్నాడు. నిజానికి ఆ కొండమీద బూట్లు నాలుగోవాణ్ణి నంజుకు తినేవి. దిగేటప్పుడు పాదం ముందుకు జారేది, ఎక్కేటప్పుడు మడమ వెనక్కి ఊడేది. దూదిచుట్టలు ఆట అయ్యేసరికి ఎర్రగా బయటికి వచ్చేవి. తను ఎంచుకున్న మైదానమే కాబట్టి కిక్కురుమనడానికి లేదు.

చలి పోయి ఎండలు ముదిరే వేళకు ఒక ఆదివారం కాంట్రాక్టరు గేటులోంచి నడిచి వచ్చాడు. చేతిలో ఊతకర్ర లేదు. మోకాలు కోయించి కొత్తది వేయించుకున్నాడు. మనిషి చిక్కాడు, తేలికయ్యాడు. రోజూ పొద్దున ఎవరూ లేనప్పుడు వచ్చి ఆ వాలంతా ఎక్కి దిగుతున్నాడని కాపలావాడు చెప్పాడు. పలక చెక్కే రోజు దగ్గర పడింది. ఇప్పుడు నాలుగు పేర్లకు ఐదుగురున్నారు.

"అల్లుణ్ణి తీసేస్తే మా అమ్మాయి ఊరుకోదు," అన్నాడు డాక్టరు. తనని తను తీసేసుకునే ఉద్దేశం ప్లీడరుకు ఎలాగూ లేదు. అందుకని తీర్పు చెప్పాడు. నాలుగోవాడూ కాంట్రాక్టరూ తొమ్మిది గుంటలు ఆడాలి, ఎక్కువ గుంటలు గెలిచినవాడి పేరు పలకమీద ఉంటుంది. నిబంధనలు మామూలే.

ఆ పొద్దున నాలుగోవాడు గుమ్మం దాటుతుంటే భార్య వెనకనుంచి అంది. "ఏవండీ, గెలిచి రండి. ఇన్నేళ్లకి మా అన్నయ్య మన గడప తొక్కాడు. మీరు ఆ జట్టులో లేకపోతే ఇక నేను చచ్చినా రాడు."

"గెలుస్తాలే," అన్నాడు. నిజంగానే గెలవాలనుకున్నాడు. ఆ జట్టు పోతే అతనికి మిగిలేది మెట్ల కింద గది ఒక్కటే. ఆదివారం లేని మనిషిగా బతకడమంటే ఎలా ఉంటుందో అతనికి తెలుసు, అంతకు ముందు బతికింది అలాగే.

ఆటలో కాంట్రాక్టరు ఎంత మర్యాదగా ఉన్నాడంటే నాలుగోవాడికి మొదట భయం వేసింది, తర్వాత సిగ్గేసింది. మొదటి గుంటలో బంతి దగ్గరగా ఆగగానే, "ఇచ్చేశాను, తీసుకో తమ్ముడూ," అన్నాడు, పాత గొంతుతో. రెండో గుంటలోనూ అంతే. మూడోదాంట్లో జానెడు కాదు, బాగా దూరమే ఉంది, అదీ ఇచ్చేశాడు. వరసగా ఇస్తూనే పోయాడు. నాలుగోవాడి గుండె కుదుటపడింది. పాతరోజులు తిరిగొచ్చాయనిపించింది. మంచివాడు, మనసులో ఏదీ పెట్టుకోలేదు అనుకున్నాడు. ఒక వాలు ఎక్కుతూ, "అన్నా, ఆ రోజు నేను..." అని ఏదో చెప్పబోయాడు.

"ఆట చూడు తమ్ముడూ," అన్నాడు కాంట్రాక్టరు.

ఎనిమిది గుంటలయ్యేసరికి ఇద్దరూ సమానం. మిగిలింది ఒక్కటే. అక్కడ కాంట్రాక్టరు బంతి ఇసుకలో పడింది. బయటికి తీయడానికి అతనికి చాలా దెబ్బలు పట్టాయి. నాలుగోవాడి బంతి మాత్రం, ఏ దేవుడు కరుణించాడో, దూరంనుంచి దొర్లుకుంటూ వచ్చి గుంటకు జానెడు దూరంలో ఆగింది. అది పడితే అతనే గెలిచినట్టు. వరండాలోంచి డాక్టరూ, ప్లీడరూ, అల్లుడూ లేచి దగ్గరికి వచ్చారు.

నాలుగోవాడు నడిచాడు. కాళ్లు మండుతున్నాయి, అయినా తెలియలేదు. ఇత్తడి మీద తన పేరు, కన్నవాళ్లు పెట్టిన అసలు పేరు, ఎలా కనిపిస్తుందో ఊహించుకున్నాడు. ఆదివారం పొద్దున పెళ్లాన్ని తీసుకొచ్చి చూపించాలనుకున్నాడు. బంతి పక్కన నిలబడ్డాడు. కాంట్రాక్టరు నోరు తెరవడం కంటికొసనుంచి కనిపించింది. నడుం వంగింది. బంతి అరచేతిలోకి వచ్చింది.

"నేను ఇవ్వలేదు కదా తమ్ముడూ," అన్నాడు కాంట్రాక్టరు, చాలా నెమ్మదిగా.

నాలుగోవాడు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చేతిలో బంతి ఇంకా ఉంది. దాన్ని మళ్లీ కింద పెట్టబోయి, ఎక్కడ పెట్టాలో తెలియక, ఆగాడు.

"అన్నా. జానెడే కదన్నా."

"జానెడే. కొట్టాల్సింది. చూసేవాణ్ణి."

"అలవాటు కొద్దీ... చెయ్యి దానంతటదే..."

"తెలుసు. అలవాటు చేసింది నేనేగా."

నాలుగోవాడు బావగారి వైపు చూశాడు. ప్లీడరు తన నిబంధనకు ఇన్నేళ్లకు ఒక పని దొరికినందుకు లోపల్లోపల మురిసిపోతున్నాడు. "ఇవ్వని బంతి ఎత్తితే గుంట పోయినట్టే. గుంట పోతే ఆట పోయినట్టే," అన్నాడు, చెల్లెలి మొగుడి ముఖం చూడకుండా. డాక్టరు గడియారం చూసుకున్నాడు. అల్లుడు "అయ్యో అంకుల్" అని నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు.

అప్పుడు కాంట్రాక్టరు నవ్వాడు. పూర్వం నవ్వినట్టే, క్లబ్బంతా వినపడేలా, తల వెనక్కి వేసి. కిందనుంచి వంగి చూస్తున్న నాలుగోవాడికి పైపళ్లన్నీ కనిపించాయి. ఎడమవైపు రెండోది కాస్త పక్కకు తిరిగి ఎంత సహజంగా ఉందో కూడా కనిపించింది.

వెళ్లబోతుంటే డాక్టరు పిలిచాడు. "ఆ బూట్లు ఇక్కడే వదిలి వెళ్లు. ఎవరికైనా పనికొస్తాయి." నాలుగోవాడు బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పి, వాటిలోంచి దూది లాగి చెత్తబుట్టలో వేసి, తన పాత చెప్పుల్లో ఇంటికి వెళ్లాడు. భార్య అతని కాళ్లవంక చూసింది. ఆ పూట అతనికి వడ్డించి, తను మాత్రం తినలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం డాక్టరు మెట్ల కిందకి వచ్చి, ఒక చిన్న డబ్బా బల్లమీద పెట్టాడు.

"మన కాంట్రాక్టరుది. మనిషి చిక్కాడు కదా, దవడ కూడా చిక్కినట్టుంది. ఈమధ్య నవ్వినప్పుడు జారుతోందట. అచ్చు కూడా తీశాను చూడు. కాస్త బిగించు. ఆదివారం లోపల కావాలన్నాడు. పలక కొడుతున్నారు, ఫోటోలు తీస్తారు."

డాక్టరు వెళ్లిపోయాడు. నాలుగోవాడు డబ్బా తెరిచాడు. దీపం దగ్గరికి లాక్కున్నాడు. ఎదురుగా గోడమీద, రాని కిటికీ సుద్దగీతల చదరం ఇంకా అలాగే ఉంది. ఆ పళ్ల సెట్టు అతనికి తన అరచెయ్యి అంత తెలుసు. లోపలివైపు ఎక్కడ ఒక్క గరుకు వదిలితే మాట మాటకీ చిగురు కోసుకుంటుందో తెలుసు. ఎక్కడ వెంట్రుకవాసి ఎత్తు ఉంచితే నవ్వబోయిన ప్రతిసారీ నెత్తురు చిమ్ముతుందో తెలుసు. బయటికి ఏమీ కనపడదు. డాక్టరుకు కూడా దొరకదు. ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు. వాడికి అలాగే చెయ్యాలని, ఫోటో తీసేటప్పుడు వాడు నోరు మూసుకుని నిలబడాలని నిర్ణయించుకునే కూర్చున్నాడు.

చెయ్యి పనిలో పడింది. అచ్చులో పోసిన కొత్త దవడమీద సెట్టు పెట్టి చూసింది, తీసింది, చిగుళ్లకు ఆనే పట్టీకి లోపల పొర వేసింది, అంచులు అరగదీసింది, గరుకు తగిలిన చోటల్లా ఆగి నునుపు పెట్టింది. సాయంత్రం డాక్టరు వచ్చేసరికి సెట్టు బల్లమీద తళతళలాడుతోంది. నాలుగోవాడు దానివంక, తన చేతులవంక చూసుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"కుదిరిందా?" అన్నాడు డాక్టరు.

"కుదిరింది సార్."

డాక్టరు డబ్బా జేబులో వేసుకుని వెళ్లాడు. నాలుగోవాడు దీపం ఆర్పాడు. వాడు ఇక ఎంత నవ్వినా అది జారదని అతనికి తెలుసు.